కారు పాలిష్‌కు ముందు పూత మందం కొలిచి చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం.

దసరా దగ్గర పడిందంటే కొత్త వాహనాల ప్రకటనలతో పాటు వాటికి మెరుపు పెట్టిస్తామనే ప్రకటనలు కూడా పత్రికల్లోనూ హోర్డింగుల మీదా వరుస కడతాయి. టెఫ్లాన్ కోటింగ్, సెరామిక్ కోటింగ్, గ్రాఫీన్ కోటింగ్, మూడు దశల పాలిష్ అంటూ ఒకదాన్ని మించి ఒకటి ఊరిస్తాయి. వీటిలో దేనిలోనూ కనిపించని సంగతి ఒకటుంది. పాలిష్ చేయడమంటే కారు పైపూతను కొంత అరగదీయడమే, అరిగిన పూత మళ్లీ రాదు. విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల పెయింటింగ్ పనిని చాలాకాలం దగ్గరుండి చేయించిన వాడిగా నేను కోరేది ఇది: పాలిష్ పని చేసే ప్రతి షాపూ, ప్రతి షోరూమూ పనికి ముందు పూత మందాన్ని మీటరుతో కొలిచి, పని అయ్యాక మళ్లీ కొలిచి, ఆ అంకెలను బిల్లు మీద రాసి ఇవ్వాలి. ఎందుకో వివరించడానికే ఈ లేఖ.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలు ఉంటాయి. బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో పట్టించే తుప్పు నిరోధక పొర మొదటిది. దాని మీద ప్రైమరు, ఆపైన మన కంటికి కనిపించే రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపి ఇంచుమించు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటే, అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, లక్షలు పోసి కొన్న కారు మెరుపంతా వెంట్రుక కంటే పలచని పొర మీద ఆధారపడి ఉంది. మెరుపు ఒక్కటే కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి కింది రంగును కాపాడే రసాయనాలు కూడా ఈ పొరలోనే కలిపి ఉంటాయి. అందువల్ల పొర ఎంత పలచబడితే ఆ రక్షణ అంత తగ్గుతుంది.

కాంపౌండ్ అనే గరుకు పేస్టు పెట్టి గట్టిగా రుద్దితే బండి కొత్తదవుతుందన్న నమ్మకం అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీల రోజుల నుంచి వచ్చింది. ఆ కార్లకు పైన క్లియర్ కోట్ ఉండేది కాదు, రంగే చివరి పొర. ఎండకు ఆ రంగు పైభాగం సుద్దలా పాలిపోయేది. కాంపౌండ్‌తో రుద్దినప్పుడు ఆ పాలిపోయిన భాగం గుడ్డకు అంటుకుని వచ్చి, అడుగున తాజా రంగు బయటపడేది. ఎర్ర కారును రుద్దితే గుడ్డ ఎర్రబడేది. ఆ కాలానికి ఆ పద్ధతి సరైనదే. ఇప్పటి కార్లలో రుద్దితే గుడ్డకు రంగు అంటదు కనుక ఏమీ పోలేదని యజమాని అనుకుంటాడు. పోయేది రంగులేని పొర కాబట్టి కంటికి కనబడదు. గుడ్డకు రంగు అంటిందంటే అప్పటికే క్లియర్ కోట్ దాటి కిందికి వెళ్లిపోయారని అర్థం.

గరుకు కాంపౌండ్‌తో ఒకసారి గట్టిగా మెషిన్ పెడితే కొన్ని మైక్రాన్లు పోతాయి. నున్నటి పాలిష్‌తో పోయేది అంతకంటే తక్కువ. ఎంత పోతుందనేది మెషిన్ మీద, ప్యాడ్ మీద, పట్టుకున్న చేతి మీద ఆధారపడుతుంది. ఒకే దిక్కున గిరగిర తిరిగే రోటరీ మెషిన్ త్వరగా కోస్తుంది, త్వరగా వేడెక్కుతుంది. అలవాటు లేని చేతిలో అది బానెట్ మీద గుండ్రటి ముద్రలు వదులుతుంది. షాపులో ట్యూబులైటు కింద అవి కనబడవు, మర్నాడు పొద్దున ఎండలో నల్ల కారు మీద స్పష్టంగా తేలతాయి. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ మెషిన్ నిదానంగా పని చేస్తుంది కానీ ప్రమాదం తక్కువ. బానెట్ అంచులు, డోరు మడతలు, బాడీ మీద పొడవునా సాగే గీతల దగ్గర పూత మిగతా చోట్ల కంటే పలచగా ఉంటుంది. అందుకే నేర్పరి పనివాడు ఆ అంచులకు ముందే మాస్కింగ్ టేపు అంటించి, మెషిన్‌ను వాటి మీదికి పోనివ్వడు. బంపరు ప్లాస్టిక్ కనుక వేడిని రేకులా బయటికి పంపలేదు. అక్కడ మెషిన్ ఒక్క క్షణం ఎక్కువ ఆగినా పూత కాలుతుంది.

పొర పలచబడినందుకు ఫలితం వెంటనే తెలియదు. పాలిష్ చేసిన రోజున కారు అద్దంలా ఉంటుంది, అందరూ సంతోషిస్తారు. ఎండ నేరుగా పడే బానెట్, టాపు, డిక్కీ మూతల మీద కొన్నేళ్ల తర్వాత తెల్లటి మచ్చలు మొదలై, అంచుల నుంచి పొరలు పొరలుగా లేస్తాయి. రెంటచింతలలోనో కొత్తగూడెంలోనో మే నెల ఎండకు నల్ల కారు బానెట్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది. అక్కడ ఈ పని ఇంకా ముందే జరుగుతుంది. క్లియర్ కోట్ లేచిన చోట ఏ పాలిషూ, ఏ కోటింగూ పనికిరావు. ఆ భాగాన్ని మొత్తం గీకి మళ్లీ పెయింట్ చేయించడమొక్కటే దారి. ఆనాడు ఐదు వేలు తీసుకుని రుద్దిన షాపు అప్పటికి బాధ్యత వహించదు, వహించమని అడగడానికి యజమాని చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

ఇంతకీ ఈ పాలిష్ అవసరం ఎందుకు వస్తున్నదో చూడాలి. కార్ల మీద కనబడే సాలెగూడు గీతల్లో అత్యధికం రోడ్డు మీద పడినవి కావు, తుడిచేటప్పుడు పడినవే. అపార్టుమెంట్లలో తెల్లవారుజామున ఒక బకెట్టు నీళ్లు, ఒక గుడ్డ పట్టుకుని పది ఇరవై కార్లు తుడవడం మనం రోజూ చూసేదే. మొదటి కారు దుమ్ము ఆ గుడ్డలో చిక్కుకుని రెండో కారు మీదికి, అక్కడి నుంచి మూడో దాని మీదికి పోతుంది. ఆ దుమ్ములో ఉన్న ఇసుక రేణువులు క్లియర్ కోట్ కంటే చాలా గట్టివి. ఇందులో తుడిచే వాళ్ల తప్పేమీ లేదు. నెలకు కొన్ని వందలు ఇచ్చి రోజూ కారు తళతళలాడాలని కోరేది యజమానులే, మంచి గుడ్డ కొనివ్వనిదీ వాళ్లే. వారానికి రెండుసార్లు మాత్రమే తుడవమని, ముందు నీళ్లు పోసి దుమ్ము దిగిపోయాకే గుడ్డ పెట్టమని చెప్పి, మన కారుకు విడిగా నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఇస్తే సగం గీతలు పడవు. బనియన్ వేస్టు, పాత తువ్వాలు, ఈకల కుంచె పొడి దుమ్ము మీద అసలు వాడకూడదు. దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పి గాలికి వదిలేసినా జరిగేది అదే, కవరు రెపరెపలాడిన ప్రతిసారీ లోపలి దుమ్ము పూతను గీరుతుంది.

కడగడానికి రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ, రెండోదానిలో మామూలు నీళ్లు. గుడ్డను ప్రతిసారీ మామూలు నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. టాపు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, చక్రాలకు విడి గుడ్డ వాడాలి. బట్టలుతికే పౌడరు, గిన్నెలు తోమే సబ్బు మురికితో పాటు పూతను కాపాడేందుకు పైన రాసిన మైనాన్ని కూడా కడిగేస్తాయి. కొందరు డ్రైవర్లు మెరుపు కోసం డీజిల్ గుడ్డతో తుడుస్తారు. ఆ జిడ్డుకు గంటలోనే దుమ్ము పడుతుంది, కిటికీల రబ్బరు బీడింగులు ఉబ్బి పాడవుతాయి. నీటి పొదుపు కూడా ఆలోచించవలసిందే. బెంగళూరులో 2024 వేసవిలో తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5 వేల రూపాయల జరిమానా పెట్టారు. గొట్టం వదిలేసి కడగడం కంటే రెండు బకెట్ల పద్ధతికి నీళ్లు చాలా తక్కువ పడతాయి.

మన ప్రాంతంలో పూతకు ఉన్న శత్రువులు వేరు, అవి ప్రకటనల్లో చూపించే విదేశీ రోడ్ల మీద కనబడవు. బోరు నీళ్లలో సున్నపు ఉప్పులు ఎక్కువ. ఎండలో కడిగి ఆరబెడితే ఒక్కొక్క చుక్కా ఆరిన చోట తెల్లటి వలయం మిగులుతుంది. అదే రోజు తుడిస్తే పోతుంది, నెలల తరబడి వదిలేస్తే పూతలోకి దిగుతుంది. విశాఖలో సముద్రపు ఉప్పు గాలికి ఓడరేవు వైపు నుంచి వచ్చే బొగ్గు ధూళి, ముడి ఇనుము ధూళి తోడవుతాయి. రామగుండం లాంటి చోట్ల థర్మల్ కేంద్రాల బూడిద పడుతుంది. కాకులు, పావురాల రెట్టలోని ఆమ్లం వేడెక్కిన పూత మీద కొద్ది గంటల్లోనే మచ్చ వేయగలదు. దాన్ని గోటితో గీకకుండా, తడి గుడ్డ ఐదు నిమిషాలు పరిచి, నానిన తర్వాత పైకి ఎత్తి తీయాలి. నీడ కోసం చెట్టు కింద పెట్టిన కారు మీద పడే జిగురును కూడా అదే రోజు తీసేయాలి.

కడిగిన తర్వాత పూత ఎలా ఉందో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. పలచటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి దూర్చి, తడి బానెట్ మీద వేళ్లను మెల్లగా జరపాలి. ఉత్త చేతికి నున్నగా తోచిన చోటే సంచి లోంచి ఇసుక మీద చెయ్యి పెట్టినట్టు గరగరలాడుతుంది. ఆ గరుకు పూతలో దిగబడిన ఇనుప రజను, బ్రేకుల పొడి, తారు తుంపరలు. దీనికి కాంపౌండ్ అక్కర్లేదు. సబ్బు నీళ్లతో తడుపుతూ క్లే బార్ అనే మెత్తటి బంక ముద్దను అరచేతి బరువుతో మాత్రమే జరిపితే ఆ రజను దానికి అంటుకుని వస్తుంది. క్లే ముద్దను మధ్యమధ్యలో మడిచి శుభ్రమైన వైపు తిప్పుకోవాలి, నేల మీద పడితే పారేయాలి. మా దగ్గరికి ‘పాలిష్ చేయాలి’ అంటూ వచ్చిన బళ్లలో చాలావాటికి ఈ పని చేసి, పైన మైనం పెట్టి పంపితే సరిపోయేది.

వాహన పూజ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొత్త కారుకు మొదటి మచ్చ చాలాసార్లు అక్కడే పడుతుంది. పసుపు, కుంకుమ, గంధం బొట్లు పెట్టడం మన ఆచారం, పెట్టవలసిందే. అయితే ఆ బొట్లు ఎండలో రోజుల తరబడి ఎండిన తర్వాత పొడి గుడ్డతో రుద్దితే గంధపు పలుకులు గీతలు పెడతాయి, లేత రంగు కారు మీద పసుపు, కుంకుమల మరక మిగులుతుంది. పూజ అయిన సాయంత్రమే నీళ్లు చల్లి, నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది తీసేస్తే చాలు. కొబ్బరి నీళ్లు పడిన చోట కూడా కడగాలి. వీలైతే బొట్లను బానెట్ రేకు మీద కాకుండా ముందు అద్దం పైభాగాన పెట్టుకోవచ్చు. దండలు కట్టే ఇనుప తీగ రంగుకు తగలకుండా చూసుకోవాలి.

ఇక కోటింగుల మాట. కార్నౌబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. మన వేసవిలో అది కొన్ని వారాలకు మించి నిలవదు కానీ చవక, ఇంట్లోనే పెట్టుకోవచ్చు, పూతకు హాని చేయదు. సింథటిక్ సీలెంట్లు కొన్ని నెలలు ఉంటాయి. టెఫ్లాన్ కోటింగ్ పేరుతో అమ్ముతున్నదాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. టెఫ్లాన్‌గా పిలిచే ఆ పదార్థం కరిగే ఉష్ణోగ్రత 327 డిగ్రీలు, నాన్‌స్టిక్ పెనానికి దాన్ని పట్టించాలంటే అంతకు మించిన వేడిలో కాల్చాలి. కారును అలా కాల్చలేరు, కాలిస్తే పూతే ఉండదు. కారు మీద చేత్తో రాసి గుడ్డతో తుడిచినది పెనం మీది పొరలా పట్టుకుని ఉండదు, మామూలు పాలిష్‌లా కొన్నాళ్లకు పోతుంది. గ్రాఫీన్ పేరుతో అమ్మే వాటిలో గ్రాఫీన్ ఎంత శాతం ఉందో బిల్లులో చూపిన షాపు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

సెరామిక్ కోటింగ్ నిజమైన వస్తువే, సిలికా ఆధారంగా చేసే ఈ ద్రవం క్లియర్ కోట్‌కు గట్టిగా అంటుకుని నీళ్లను, మురికిని నిలవనివ్వదు, కడగడం తేలిక చేస్తుంది. సరిగా పెట్టి సరిగా చూసుకుంటే రెండు మూడేళ్లు పనిచేస్తుంది. అయితే దాని మందం ఒకటి రెండు మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, రాయి ఎగిరి తగిలితే అది ఆపలేదు. ‘9హెచ్’ గట్టిదనం అని ప్రచారం చేస్తారు. అది పెన్సిలు ములికితో గీసి చూసే పరీక్షలోని అంకె, అంటే 9హెచ్ పెన్సిలుతో గీసినా గీత పడలేదని మాత్రమే దాని భావం. ఇసుకలోని క్వార్ట్జ్ ఆ పెన్సిలు కంటే ఎంతో గట్టిది. గీతలే పడవని నమ్మి పొడి గుడ్డతో రుద్దేవాళ్లు ఉన్నారు, ఆ నమ్మకం కలిగించింది ప్రకటనే. పైగా సెరామిక్ పెట్టే ముందు గీతలు పోవాలని కారంతా కాంపౌండ్ చేస్తారు. షోరూము నుంచి అప్పుడే వచ్చిన, ఒక్క గీత కూడా లేని కారుకు సైతం ప్యాకేజీలో ఉంది కనుక మూడు దశల పాలిష్ చేసి, ఆయుష్షున్న పొరను తీసి, దాని మీద ఒక మైక్రాను కొత్త పొర పెట్టి, వేలకు వేలు తీసుకోవడం నాకు సమ్మతం కాదు. రాళ్ల దెబ్బలు ఆపగలిగినది పాలీయురిథేన్ ఫిల్మ్ ఒక్కటే. అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, ఖరీదు చాలా ఎక్కువ. హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్లు బానెట్ ముందు భాగానికి, బంపరుకు మాత్రం వేయించుకుంటే అర్థం ఉంది.

టింకరింగ్ (సొట్టలు తీసే పని) అయ్యి కొత్తగా పెయింట్ వేసిన డోరుకు వెంటనే మైనంగానీ సెరామిక్‌గానీ పెట్టకూడదు, లోపలి ద్రావకాలు ఆవిరై పోవడానికి కొన్ని వారాలు ఆగాలి. ఆ పెయింట్ గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు పీల్చినవారికి ఉబ్బసం తెప్పించగలవు. మూతికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే కొట్టే కుర్రవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. మెరిసే కారు అందుకునేటప్పుడు ఆ కుర్రవాడికి బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉందా అని షాపు యజమానిని అడిగే హక్కు మనకుంది.

నేను కోరుతున్న మీటరు అరచేతిలో ఇమిడే చిన్న పరికరం, కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది. రేకు మీద ఆనిస్తే మొత్తం పూత మందాన్ని మైక్రాన్లలో చూపిస్తుంది. ప్లాస్టిక్ బంపరు మీద పనిచేయదు, క్లియర్ కోట్‌ను విడదీసి చెప్పలేదు. అయినా ఒకే చోట ముందూ వెనకా కొలిస్తే ఎంత అరిగిందో తేడా తెలుస్తుంది. ఫ్యాక్టరీ పూత ఉన్న బానెట్ 80 మైక్రాన్లే చూపించిందంటే దాన్ని ఇంతకుముందే ఎవరో బాగా రుద్దారేమోనని అనుమానించాలి, దాని మీద మళ్లీ కాంపౌండ్ పెట్టకూడదు. 200 దాటితే మళ్లీ పెయింట్ వేసి ఉండవచ్చు, 500 దాటితే కింద పుట్టీ ఉండే అవకాశం ఎక్కువ. పాత కారు కొనేవారికీ ఈ అంకెలు ఉపయోగమే.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొనే వస్తువు, పొందే సేవ నాణ్యత, పరిమాణం, ప్రమాణం గురించి తెలుసుకోవడం వినియోగదారుడి హక్కు. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్యకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉంది, ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉంది. పూత మందం ఆ పరిమాణం కిందికే వస్తుందని నా అభిప్రాయం. బానెట్, టాపు, డిక్కీ, నాలుగు డోర్లు, ఫెండర్ల మీద ముందూ తర్వాతా రీడింగులు, వాడిన కాంపౌండ్, కోటింగుల పేర్లు, వారంటీ ఏయే నష్టాలకు వర్తించదో బిల్లు వెనక అచ్చు వేయడానికి షాపులకు ఆ మీటరు తప్ప అదనపు ఖర్చేమీ లేదు. రెండు రాష్ట్రాల పౌర సరఫరాల, వినియోగదారుల వ్యవహారాల శాఖలు దీన్ని తప్పనిసరి చేయాలని, ఆటోనగర్ల సంఘాలు ఆదేశం కోసం చూడకుండా తమంతట తామే మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఈ పండుగకు కొత్త కారు తీసుకుంటున్నవారు, డెలివరీకి ముందు తమ బండికి మెషిన్ పాలిష్ చేయవద్దని, కడిగి ఇస్తే చాలని బుకింగ్ ఫారం మీదే రాయించి షోరూము వారి సంతకం తీసుకోవచ్చు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ